వేలి సాక్ష్యం

“నిన్ను మెట్ల మీదికెళ్లి తోసింది ఎవరు నాయినా? పేరు చెప్పు.”

ఉమామహేశ్ గొంతు పెంచి అడిగాడు. మంచం మీద రామనాథం కళ్లు మాత్రం కొడుకు వైపు తిరిగాయి. చింతపండు గోదాము మెట్ల మీంచి పడి నాలుగు నెలలైంది. నోట మాట పోయింది. మెడ కిందుగా కుడిచేతి చూపుడు వేలు తప్ప ఏదీ కదలదు. ఆ వేలి కింద ఇవాళ పొద్దున్నే కొడుకు ఒక కీబోర్డు పెట్టాడు.

గోడకున్న టీవీలో నల్లటి తెర. బొమ్మల్లేవు, రంగుల్లేవు. తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే వచ్చి పోతున్నాయి. ఆ ప్రోగ్రాము రాసింది ఉమామహేశే. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని, సాక్షిగా పిలిచిన పక్కింటి వెంకటనారాయణకు విప్పి చెప్పాడు.

“కావలసిన అక్షరం రాంగనే నాయిన మీట నొక్కుతడు బాబాయ్. ఎంటర్ గింటర్ కొట్టే పని లేదు. నొక్కుడే ఆలస్యం, తెర మీద పడ్తది. వేలు బరువై మీట మీదనే ఉండిపోయినా ఒక్కసారి నొక్కినట్టే లెక్క. గుణింతాలు పెట్టలే, ఉత్త అక్షరాలే.”

“ఆయన నోటితోనే చెప్పినట్టు గదరా అయితే!” అన్నాడు వెంకటనారాయణ.

అన్నపూర్ణ భర్త తల దగ్గర నిలబడి తెరకేసి రెప్ప వేయకుండా చూస్తోంది. కాళ్ల దగ్గర బుధ్రి తడిగుడ్డ పట్టుకుని కూర్చుంది. అడవిలోని భేజ్జి ఊరి నుంచి పనికొచ్చి తొమ్మిదేళ్లు. ఈ నాలుగు నెలలుగా రామనాథాన్ని కడిగేదీ, తుడిచేదీ, పక్కకు ఒత్తిగిల్లబెట్టేదీ ఆమే.

రామనాథం వేలు వణికింది. తెర అడుగున ఒక అక్షరం పడింది. బ.

అక్షరాల వరస అయిపోయి మళ్లీ మొదటికొచ్చింది. ధ. ఇంకాసేపటికి, ర.

“బుధ్రి!” వెంకటనారాయణ లేచి నిలబడ్డాడు.

అన్నపూర్ణ రెండంగల్లో మంచం చుట్టూ తిరిగొచ్చి బుధ్రి చెంప ఛెళ్లుమనిపించింది. “ఇంట్ల మనిషి లెక్క చూసుకుంటిమి గదనే!”

“నేను తోసేదుంటే, ఇన్ని దినాలు సేటుకి పీతి ఉచ్చ ఎందుకు ఎత్తిపోస్త అమ్మా?” బుధ్రి చెంప పట్టుకుని అడిగింది.

“చేసిన పాపం కడుక్కోనీకి,” అన్నాడు ఉమామహేశ్.

ల్యాప్‌టాప్ స్టూలు మీద పెట్టి, బుధ్రి రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయాడు. గోదాములోకి నెట్టి తాళం వేసి, అక్కడే కాపలా నిలబడ్డాడు. వెంకటనారాయణ పోలీసులను పిలుచుకురావడానికి థానాకు బయల్దేరాడు.

గదిలో అన్నపూర్ణ ఒక్కతే మిగిలింది. రామనాథం కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

“ఏడ్వకండి. దాని పాపం పండింది.”

కొంగుతో తుడవబోయి ఆగింది. ఆయన వేలు మీటను తపతప కొడుతోంది. తెర మీద అక్షరాలు వస్తున్నాయి, పోతున్నాయి. అడుగున మాత్రం ఒక్కటీ పడడం లేదు. కీబోర్డు జరిగిందేమోనని ఆమె దాన్ని తన వైపు లాగింది. తీగ మంచం కిందనుంచి జరజర పాకి వచ్చింది. దాని కొస ఆమె చేతికి తగిలింది. అది దేనికీ తగిలించి లేదు.

అన్నపూర్ణ ఆ కొసను చేతిలో తిప్పి చూసింది. తర్వాత, ఇందాక అక్షరాలు పడినప్పుడు కొడుకు చెయ్యి ఎక్కడుందో గుర్తొచ్చింది. ల్యాప్‌టాప్ మీదనే ఉంది.

తమ కొట్లో కంప్యూటరుకు తీగలు పెట్టిన చెయ్యే ఆమెది. ల్యాప్‌టాప్‌కు సందు వెతికి తీగ గుచ్చింది. తెర మీదున్నవి చెరిపేసింది.

“ఏమండీ, ఇప్పుడు చెప్పండి. బుధ్రేనా?”

అ. ఆ. ఇ. ఈ. తర్వాతి అక్షరం రాగానే వేలు పడింది.

ఉ.

ఆ అక్షరంతో మొదలయ్యే పేరున్నవాళ్లు ఊళ్లో ఇంకెవరెవరున్నారో ఆమె వెతుక్కుంది. కచటతపలన్నీ దాటేలోపు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కింది. వేలు కదలకుండా కాచుకుని ఉంది. కదిలింది.

మ.

రామనాథం కళ్లు భార్య ముఖం మీద నిలిచాయి. నాలుగు నెలల్లో మొదటిసారి ఆయన ముఖం తేటపడింది. మోయలేని మూట దింపుకున్నవాడిలా ఊపిరి వదిలాడు.

గోదాము తలుపు మీద బుధ్రి దబదబ బాదుతున్న చప్పుడు. దాని మీదుగా, వాకిట్లో జీపు ఆగిన చప్పుడు.

“అమ్మా!” ఉమామహేశ్ బయటినుంచే కేకేశాడు. “థానేదార్ సాబ్ తన కండ్లతోని చూస్తనంటుండు. నాయినతోని ఇంకోసారి చెప్పిద్దాం.”

అన్నపూర్ణ భర్త నోటి నుంచి కారుతున్న చొంగ తుడిచింది. దుప్పటి సర్దింది. ఆయన కళ్లలోకి మాత్రం చూడలేదు. వంగి, వెనక్కి చెరిపే మీట రెండుసార్లు కొట్టింది. తీగ పీకి మంచం కిందికి తోసింది.

“సాబ్‌ను లోపలికి తోలుకరా ఉమా,” అంది. “మీ నాయిన తయారుగ ఉన్నడు.”