పక్క కీ

ఒక్క కీ నొక్కగానే క్షమాపణ పేరా మొత్తం తెర మీద వచ్చి పడింది. నా కుర్చీ వెనకే నిలబడ్డ మేనేజరు చూడనే చూశాడు.

"నా చెవిలో పువ్వు పెడదామనుకున్నావా?"

"రోజూ రాయించుకుంటారుగా సార్. ఒక్క కీ నొక్కితే మొత్తం పడేలా ఎడిటర్‌లో స్క్రిప్టు రాసిపెట్టుకున్నాను."

"ఇంకా ఏం రాశావో చూద్దాం!" అంటూ వంగి, పక్క కీ తనే ఠపీమని నొక్కాడు. తెర మీద ఇంకో పేరా వచ్చి పడింది:

"కూర్చోబెట్టి జీతమిస్తుంటే కళ్ళు నెత్తికెక్కాయి. నీలాంటివాళ్ళు వీధికి పదిమంది."

సరిగ్గా అదే అనడానికి మేనేజరు తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

"నా మాటలే రాసిపెడతావా? ఎంత పొగరు!"

"అది నాది కాదు సార్. నాకు ముందు ఈ సీట్లో ఉన్నావిడ రాసి వెళ్ళింది. స్క్రిప్టు రాయడం దాన్ని చూసే నేర్చుకున్నాను. ఇన్నాళ్ళలో ఒక్క అక్షరం కూడా మార్చాల్సిన పని పడలేదు."