ఎడమచేతి ముడి

మావాడు పోయి ఏడాదైనా తిరగలేదు. వాడు చేత్తో చేసిన సింథసైజరూ, కాలితో తొక్కే బేస్ పెడళ్లూ వాద్యాల కొట్లో అమ్మకానికి కనిపించాయి. వాటి మీద పేరు మాత్రం వాడి నేస్తం బక్కోడిది.

"తిన్నింటి వాసాలు లెక్కపెడతావట్రా? మూత తియ్యి!" అని ఆ కొట్లోనే ఉన్న బక్కోడి మీద అందరూ వినేలా అరిచాను.

"వద్దమ్మా, ఇంటికెళ్దాం పద."

"గుట్టు బయటపడుతుందనా? తియ్యి!"

మరలు ఊడదీశాడు. లోపల తీగలన్నీ నా కుట్టుదారంతో కట్టలు కట్టి ఉన్నాయి. ఆ ముడి ఇద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని నేనే నేర్పాను. "ప్రతి తీగా నేనే కట్టానమ్మా" అని మావాడు మురిసిపోయేవాడు. వాడిది ఎడమచేతి వాటం. వాడు కడితే ముడి ఎడమవైపే తిరుగుతుంది. అదొక్కటి చూపిస్తే బక్కోడి నోరు మూతపడుతుంది.

కళ్లజోడు పెట్టుకుని తడిమాను. అన్నీ కుడివైపే తిరిగాయి. పెడళ్ల పెట్టె కూడా తెరిపించాను. అందులోనూ అంతే.

"ఎప్పట్నుంచిరా?"

"మొదట్నుంచీ అన్నీ నేనే కట్టానమ్మా. పేరు మాత్రం వాడు తనదే పెట్టుకుంటానన్నాడు, కాదనలేకపోయాను. నువ్వీ కొట్టుకి వస్తావనుకోలేదు."

నిలదీద్దామంటే మావాడు లేడు. మరలు ఒక్కొక్కటే ఏరి బక్కోడి చేతికి అందించాను.