చిల్లుల తాత

మూడో మొక్క కూడా కుళ్ళిపోయింది.

ల్యాబ్ అమ్మాయి దాన్ని పీకి చూసింది. వేళ్ళు నల్లగా, జావలా ఉన్నాయి.

రక్తం చుక్క చూసి మనిషికి ఏం లోపమో చెప్పగలదు. మొక్కకి ఏమైందో మాత్రం అంతుపట్టలేదు.

ఉద్యోగం కోసం ఆ ఊరు వచ్చి ఐదు నెలలైంది. ప్రింటింగ్ ప్రెస్ మీద, మూడో అంతస్తులో ఒక గది, వంటిల్లు.

సాయంత్రం తాళం తీసేసరికి లోపల ప్రాణమున్నది ఏదో ఒకటి ఉండాలని ఆమె కోరిక. అంతకు మించి ఏమీ లేదు.

ఆదివారం పాత సామాన్ల కొట్టుకు వెళ్ళింది. ఆకుపచ్చ పింగాణీ కుండీ ఒకటి కంటికి నచ్చింది.

“అందులో ఏం పెడతారు?”

మూలన పీట మీద కూర్చున్న ముసలాయన అడిగాడు. ఒళ్ళో డ్రిల్లు ఉంది. కొట్టులో పనిచేసే మనిషి అనుకుంది.

“సక్యులెంట్. ఆకులు దళసరిగా ఉంటాయే, ఆ మొక్క.”

“అడుగున చిల్లు లేదుగా. నీళ్ళెటు పోతాయి?”

“గులకరాళ్ళు వేస్తాను. కిందికి దిగిపోతాయి.”

“దిగి ఎక్కడికి పోతాయి? ఆ రాళ్ళ మధ్యే కూర్చుంటాయి. ఇంతకుముందు ఎన్నింటిని చంపారు?”

ఆమెకు కోపం వచ్చింది. వెంటనే నవ్వూ వచ్చింది.

“మూడు.”

“నీళ్ళు ఎప్పుడెప్పుడు పోశారు?”

“రోజూ. డ్యూటీ నుంచి రాగానే.”

“దానికి దాహమేసి కాదమ్మా, మీకు తోచక పోస్తున్నారు.”

కౌంటరు దగ్గర్నుంచి కొట్టు యజమాని కేకేశాడు. “చిల్లుల తాతా! బేరం చెడగొట్టకు!”

తాత వినిపించుకోలేదు. కుండీని తడి గోనెపట్టా మీద బోర్లించాడు. అడుగున టేపు అంటించాడు. నీళ్ళ చెంబు ఆమె చేతికిచ్చాడు.

“చుక్క చుక్క పోస్తూ ఉండండి. ఆ పని మీకు బాగా వచ్చుగా.”

డ్రిల్లును ఆయన నొక్కలేదు. దాని బరువుకే దిగనిచ్చాడు. తెల్లటి బురద పైకొచ్చింది. చాలాసేపటికి చిటికెన వేలు దూరేంత చిల్లు పడింది. కుండీకి గీత కూడా పడలేదు.

“సగం మట్టి, సగం ముతక ఇసుక కలపండి. ఆకులు కాస్త ముడతపడేదాకా నీళ్ళ జోలికి పోకండి. ఇల్లెక్కడ?”

“ప్రెస్సు మీద. మూడో అంతస్తు.”

తాత కుండీ తుడవడం ఆపాడు.

“అయితే వంటింటి కిటికీలో పెట్టండి. పదింటిదాకా ఎండ ఉంటుంది. గదిలో కిటికీకి రాదు. కింద గుడ్డ వెయ్యండి, మెషిన్లు ఆడేటప్పుడు ఆ గట్టు అదురుతుంది.”

కుండీ అందుకోబోయిన ఆమె చెయ్యి ఆగిపోయింది. వంటింటి కిటికీ వెనక సందువైపు ఉంటుంది. వీధిలోంచి కనబడదు.

“మీకెలా తెలుసు?”

“తెలుసులెండి” అన్నాడు, తల ఎత్తకుండా.

ఇంటికెళ్ళి తలుపుకి రెండు గడియలూ వేసుకుంది.

వారం తిరక్కుండానే, పొద్దున్నే వంటింట్లోంచి చూస్తే కింద సందులో తాత. తల పైకెత్తి కిటికీవైపే చూస్తున్నాడు. ఆమెను చూసి చెయ్యి ఊపాడు.

ధడాల్న రెక్క మూసేసింది.

మధ్యాహ్నమే కొట్టుకు వెళ్ళింది.

“మీ పనివాడు మా ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. ఇంకోసారి కనబడితే పోలీసులకి చెప్తాను.”

“నా పనివాడు కాదమ్మా. ఎక్కడో మంచం అద్దెకి తీసుకుని ఉంటాడట. పగలు కూర్చోవడానికి చోటు లేక ఇక్కడికొస్తాడు.”

“అదంతా నాకెందుకండీ?”

“సరే, రావద్దని చెప్తాలే.”

తాత మళ్ళీ సందులో కనబడలేదు.

మొక్క మాత్రం, తాత చెప్పినట్టే వంటింటి కిటికీలో, గుడ్డ మీద బతికింది. నీళ్ళు పోయబుద్ధేసినప్పుడల్లా ఆమె చేతులు కట్టుకుని నిలబడేది. రెండు నెలలకు పక్కన గోరంత పిల్ల మొలిచింది.

ఎవరికైనా చూపించాలనిపించింది. ఫోన్లో పేర్లన్నీ పైనుంచి కిందిదాకా చూసింది. పిల్ల మొక్క ఫొటో పంపితే సంతోషించే మనిషి ఒక్కరూ తట్టలేదు.

ఒక్కరు తప్ప.

కొట్టుకు వెళ్ళింది. పీట మీద పాత రేడియోలు పేర్చి ఉన్నాయి.

“తాత రావడం లేదా?”

“రావద్దన్నది మీరేగా” అన్నాడు యజమాని. “చెప్పిన రోజే డ్రిల్లు సంచిలో పెట్టుకుని పోయాడు.”

“ఎక్కడుంటారో తెలుసా?”

“అడగలేదమ్మా.”

మర్నాడు కుళాయి కారుతోందని ఇంటి ఓనరమ్మ చూడ్డానికి వచ్చింది. వంటింట్లో అడుగు పెట్టగానే బుగ్గ నొక్కుకుంది.

“అబ్బో, ఈ గట్టు మీద మళ్ళీ మొక్కలా!”

“మళ్ళీ అంటే?”

“నీకు ముందున్న ముసలాయన ఇక్కడ ఇవే పెంచేవాడు, ఈ చివర్నించి ఆ చివరిదాకా. పందొమ్మిదేళ్ళు ఉన్నాడమ్మా. ఒంటిగాడు. కుండీ కింద గుడ్డ కూడా ఇలాగే, అచ్చం!”

ల్యాబ్ అమ్మాయి కిటికీలోంచి కింద సందులోకి చూసింది.

“ఎందుకు వెళ్ళిపోయారు ఆంటీ?”

“వెళ్ళడమేంటి, మేమే పంపించాం” అంది ఓనరమ్మ, కుళాయి బిగించి చూస్తూ. “ల్యాబులో పనిచేసే ఆడపిల్ల గది అడుగుతోందని చెబితే, పాపం, నువ్వు దిగే రోజుకి శుభ్రంగా ఉండాలని ఈ వంటిల్లంతా తనే కడిగి, తాళం నా చేతిలో పెట్టి పోయాడు.”