చేరని కబురు

అత్తగారు బంగాళాదుంపల తొక్కలన్నీ పేపర్లోని ఆ కుర్రవాడి మొహం మీదే పడేట్టు తీస్తోంది.

ఆ పేపరు కావాలనే పరిచిందని కోడలికి తెలుసు.

"ఇంకో పేపరు ఇస్తాను అత్తయ్యా. అది తీసేయండి."

"ఏం, తొక్కలకి ఇది పనికిరాదా?"

తొక్కల సందుల్లోంచి ఓ లెఫ్టినెంట్ నవ్వుతున్నాడు. మీసం కూడా ఇంకా కుదురుకోని మొహం. ఈరోజు అతనికి శౌర్య పతకం ఇస్తున్నారు. అందుకోవడానికి అతను లేడు. వాళ్లమ్మ వస్తోంది.

"పోయినవాడి మీద కోపమేంటి అత్తయ్యా?"

"వాడు పోయి హీరో అయ్యాడు. నా కొడుకు బతికి ఏమయ్యాడో నువ్వే చూస్తున్నావుగా!"

కోడలు మూసి ఉన్న గది వైపు చూసింది.

యుద్ధం నుంచి ఆమె భర్త ఒంటికాలితో తిరిగొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి మంచం, గోడ, అంతే. పెట్టిన కంచం పెట్టినట్టే వెనక్కి వస్తోంది. తోటి సిపాయిలు చూడ్డానికి వస్తే నిద్ర నటించి పంపేశాడు.

మొన్న దిండు కింద నిద్రమాత్రల సీసా దొరికింది. ఆ రోజే తల్లి ఆ గది తలుపుకి లోపలి గడియ పీకించేసింది.

"వదినా, టీవీ పెట్టండి! మాది బొమ్మ రావడంలేదు," అంటూ పక్కింటి టైలరమ్మ వచ్చింది, మెడలో టేపుతోనే.

"మా ఇంట్లో పెట్టం."

"ఏం, మీ టీవీ చూస్తే అరిగిపోతుందా?" తనే వెళ్లి పెట్టేసి, చాప మీద చతికిలబడింది. "పాపం, ఎంత చిన్నవాడో!"

"పాపమా? కొండ మీద చివరికి మిగిలింది ఇద్దరే. వాడూ, నా కొడుకూ. ఆఫీసరు గారు బండ చాటున కూర్చుని, 'నువ్వు కిందికెళ్లి సాయం పట్టుకురా' అని వీణ్ణి తోశాడు. గుళ్ల వానలోకి! తను దిగొచ్చుగా? తన కాళ్లు విలువైనవీ, నా కొడుకువి కావూ!"

"ఆఫీసర్లంతే వదినా. వాళ్ల ఇస్త్రీ నలగకూడదు."

గది తలుపు తెరుచుకుంది.

చంకలో కర్రతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు అతను.

"ఆయన్నేమీ అనకమ్మా."

చాలా రోజుల తర్వాత వినబడ్డ గొంతు. కోడలు చేతిలోని గ్లాసు అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"అంటాన్రా! నీ బతుకు ఇలా చేసినవాణ్ణి..."

"ఆయన్ని చంపింది నేనమ్మా."

టైలరమ్మ కాళ్లు ముడుచుకుని సర్దుకు కూర్చుంది.

"ఏం మాటలురా అవి?"

"కబురు చేరలేదు. పొద్దెక్కాక బయల్దేరాను, సగం దారిలో షెల్ పడింది. కళ్లు తెరిస్తే ఆస్పత్రి. నేను కిందికి చేరుంటే సాయం వెళ్లేది. ఆయన బతికేవాడు."

"అది నీ తప్పెలా అవుతుందిరా?"

"మరెవరిది? అక్కడ ఆయన నా కోసం ఎదురుచూస్తూ పోయుంటాడు."

తల్లి గభాలున లేచి టీవీ కట్టేయబోయింది.

"ఉండనీ. వాళ్లమ్మని ఒక్కసారి చూడాలి."

తెర మీద బక్కపల్చటి ఆవిడ ఎర్రతివాచీ మీద మెల్లగా నడుస్తోంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. ఆ చేతుల్ని చూసి తల్లి చూపు తిప్పుకుంది.

వెనక ప్రశంసాపత్రం చదువుతున్నారు.

"...స్థావరం శత్రువు చేతికి చిక్కబోతున్న తరుణంలో, ఒంటరిగా మిగిలిన ఈ యువ అధికారి, తానున్న చోటునే గురిగా చెప్పి, మన ఫిరంగులనే తన మీద పేల్చమని కోరాడు. తెల్లవారినప్పటి నుంచి ఆఖరి ఊపిరి దాకా, ఒక్కసారి కూడా తెగకుండా, కింది దళంతో వైర్‌లెస్‌లో మాట్లాడుతూనే ఉన్నాడు..."

కర్ర జారి కింద పడింది.

భార్య పరుగున వచ్చి పట్టుకుంది. అతను ఆమెను చూడడంలేదు. తెరను చూస్తున్నాడు.

"తెల్లవారినప్పటి నుంచా?" అన్నాడు, టీవీనే అడుగుతున్నట్టు.

"ఏమైందిరా?" తల్లి దగ్గరికొచ్చింది. "చెప్పు, ఏమైంది?"

అతను తెర మీంచి తల్లి వైపు తిరిగాడు.

"నా కళ్లముందే వైర్‌లెస్ సెట్టు విదిలించి చూపించి, 'ఇది చచ్చిపోయింది, కబురు చెప్పడానికి ఇక నువ్వే దిక్కు, వెనక్కి చూడకుండా పరిగెత్తు' అని పంపించాడమ్మా నన్ను."