ఎలుగుబంటి గది

మ్యూజియం మెట్ల దగ్గరే అక్క తమ్ముడి చేత నీళ్ళ సీసా మొత్తం తాగించింది.

"ఇంకొంచెం తాగరా. ఎండ చూడు, మాడు పగిలిపోతోంది."

"చాలక్కా. పొట్ట నిండిపోయింది."

"ఖాళీ చేస్తే లోపల పెద్ద చేప ఎముకలు చూపిస్తా."

వాడు గుటగుటా తాగేశాడు. ఐదేళ్ళవాడు. అక్క ఏం చెబితే అదే వాడికి వేదవాక్కు.

అక్కకు తొమ్మిదేళ్ళు. నిన్న మధ్యాహ్నం హోటల్ గదిలో దొంగనిద్ర పోతూ ఆమె పెద్దవాళ్ళ మాటలు విన్నది.

"కొండ మీదికి ఒక్కరినే తీసుకెళ్దామండీ. ఇద్దరితో నా వల్ల కాదు," అంది అమ్మ.

"సరే, దారిలో ఒకరిని దింపేసి వెళ్దాం. ఎవరిని మరి?"

"రేపు మ్యూజియం చూశాక తేల్చుకుందాం లెండి."

అప్పటి నుంచి ఆ పిల్లకు ఒకటే ధ్యాస. కొండ ఎక్కేది తనే కావాలి. ఎలాగైనా తనే కావాలి.

నాన్నకు అద్దాల పెట్టెల పక్కన అంటించిన పలకలు బిగ్గరగా చదివి వినిపించడం సరదా. చదివాక ప్రశ్నలు వేస్తాడు. అక్క ఒక్క మాట పొల్లుపోకుండా అప్పజెప్పింది. కొత్త చెప్పులు మడమను కొరికేస్తున్నా ఆ సంగతి పైకి చెప్పలేదు. తమ్ముడికి అంత ఓర్పు ఎక్కడిది?

"చెప్పులు కరుస్తున్నాయి. ఎత్తుకో నాన్నా!"

నాన్న ఎత్తుకున్నాడు. అంతలో ఎవరో ముసలావిడ వాళ్ళను దాటిపోబోయి ఆగింది.

"మీవాడేనా బాబూ? అచ్చుగుద్దినట్టు నీ ముక్కే. ఎక్కడున్నా పట్టేసుకోవచ్చు."

నాన్న తన ముక్కు తడుముకున్నాడు. అమ్మ పగలబడి నవ్వింది.

"విన్నారా? మీ ముక్కట!" అంటూ వాడి జుట్టు చెరిపి, ఆ ముక్కును మురిపెంగా గిల్లింది. నవ్వాపుకోవడానికి ఆవిడకు చాలాసేపే పట్టింది.

అక్క కిటికీ అద్దంలో తన ముఖం చూసుకుంది. తన ముక్కు ఎవరి పోలికో ఎవరూ చెప్పలేదు.

పెద్ద చేప అస్థిపంజరం కింద తమ్ముడు కాళ్ళు మెలిపెట్టుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఒంటేలొస్తోంది."

"ష్! ఇక్కడ ఆ మాట అనకూడదు. కాపలా ఆయన వింటే అందరినీ బయటికి గెంటేస్తాడు. బిగబట్టుకో."

వాడు బుద్ధిగా బిగబట్టుకున్నాడు.

చివరి గది ఆదిమానవుల గుహ. లోపల చీకటి. మూలన ఒక్క ఎర్ర బల్బు. దాని వెలుగులో గడ్డి కూరిన ఎలుగుబంటి వెనక కాళ్ళ మీద నిలబడి ఉంది. పక్కన ఒక మీట. నొక్కితే అది గాండ్రిస్తుందని బయట పలక మీద రాసి ఉంది. నాన్న అదీ చదివి వినిపించాడు.

తమ్ముడికి చీకటంటే ఎంత హడలో, హడలితే వాడికి ఏమవుతుందో అక్కకు తెలిసినంతగా అమ్మకు కూడా తెలియదు.

"రారా, నేనున్నాగా," అంటూ చెయ్యి పట్టుకుని నడిపించింది. సరిగ్గా ఎలుగుబంటి ఎదుట నిలబెట్టింది. చెయ్యి వదిలేసింది. మీట నొక్కింది.

వాడి కేక గుహంతా మారుమోగింది. గుడ్డిగా పరుగెత్తి అమ్మ కాళ్ళను వాటేసుకున్నాడు. తెల్లని చీర కుచ్చెళ్ళు తడిసిపోయాయి. తడి చెప్పుల దాకా కారింది. వెనకాల వరుసలో ఉన్న పిల్లలు గొల్లుమన్నారు.

అమ్మ వాణ్ణి ముళ్ళకంపను విడిపించుకున్నట్టు చీర నుంచి విడదీసింది.

"ఛీ! ఇంత వయసొచ్చి ఇదేం అలవాటురా?"

"అక్క... చెయ్యి వదిలేసింది..."

"నేనా? నువ్వే కదరా విదిలించుకుని పరుగెత్తావు!" అంది అక్క, కళ్ళు ఇంతింత చేసుకుని. ఆ పైన సంచిలోంచి కాగితపు రుమాళ్ళు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని నేల తుడిచింది. అమ్మ పాదాలు తుడిచింది. "నువ్వు అలా కూర్చో అమ్మా. వీడి సంగతి నేను చూసుకుంటాగా."

"పిల్లంటే ఇలా ఉండాలి," అన్నాడు నాన్న.

అమ్మ చెయ్యి అక్క తల మీదికి వచ్చి, అక్కడే ఉండిపోయింది.

కారులో తమ్ముడు పొడి నిక్కరుతో, అక్క గౌను అంచు గుప్పిట్లో పట్టుకుని, ఆమె భుజం మీదే నిద్రపోయాడు. అలగడం వాడికి చేతకాదు. అక్క దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూసింది.

ఎండ ఇంకా తగ్గకముందే కారు ఒక గేటు ముందు ఆగింది. కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ నవ్వుతూ ఎదురొచ్చింది. అమ్మ దిగలేదు. నాన్న వెనక తలుపు తీసి, గౌను అంచు పట్టుకున్న వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పి, నిద్రపోతున్నవాణ్ణి సంచితో సహా ఎత్తి ఆవిడ చేతుల్లో పెట్టాడు.

"సెలవులన్నాళ్ళూ ఇద్దరినీ ఉంచుకుని చూశాం మేడమ్," అన్నాడు, "పాపను దత్తత తీసుకుని కొండ మీది మా ఇంటికి తీసుకెళ్తాం, బాబును మళ్ళీ మీ అనాథాశ్రమంలోనే చేర్చుకోండి."