అత్తగారి వెంటపడడం

"సముద్రం అడుక్కి మీ అమ్మ రాదుగా!" అంది సియోమారా మొగుడితో గుసగుసగా.

పెళ్ళయిన దగ్గర్నుంచి ఎక్కడికెళ్ళినా అత్తగారు ఎర్మెలిందా వెంట వచ్చేది. అందుకే ఈసారి రోవతాన్ దీవికెళ్ళి స్కూబా డైవింగ్ చేద్దామని సియోమారా పథకం వేసింది.

విల్మెర్ గొంతు సవరించుకున్నాడు. "షార్కులుంటాయేమో?"

"అవి మనుషుల్ని తినవు."

"నాకు చెవిపోటు..."

"నిన్న లేదే?"

"ఇవాళే మొదలైంది."

వంటింట్లో టోర్టియా రొట్టెలు తడుతున్న ఎర్మెలిందా పకపకా నవ్వింది.

"ఈత రాదని చెప్పి చావరా! చిన్నప్పుడు నీళ్ళతొట్టి చూస్తేనే చెట్టెక్కేవాడమ్మా వీడు."

సియోమారా మొగుడి వైపు తిరిగింది. "మరి సముద్రంలో మునిగి పట్టానని నాకు పంపిన ఫొటోలో ఆ చేప?"

"బజార్లో కొన్నా" అన్నాడు విల్మెర్ నేల చూస్తూ.

అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. గుసగుసలన్నీ విన్నట్టే ఉంది. సియోమారా ముఖం ఎర్రబడింది.

"మిమ్మల్ని కాపలా కాయాలని రాలేదమ్మా ఇన్నాళ్ళూ. మీ మామగారు నన్ను గడప దాటనివ్వలేదు. వీడూ వాళ్ళ నాన్న పోలికే, మంచం దిగడు. ఈ ఇంట్లో ఊళ్ళు తిరిగే మనిషివి నువ్వొక్కదానివే. అందుకే నీ వెంటపడ్డా."

సియోమారా ఫోనులో డైవింగ్ వాళ్ళ పేజీ తీసి అత్తగారి పక్కకు జరిగింది.

"డాక్టరు సరేనంటే పెద్దవాళ్ళనీ దింపుతారట అత్తయ్యా. దిగుతారా?"

"దిగక? డాక్టరు మా మేనల్లుడే!"

"మరి నేనో?" అన్నాడు విల్మెర్.

"ఒడ్డున కూర్చుని మా చెప్పులు చూసుకో!" అన్నారు అత్తాకోడళ్ళు ఒక్క గొంతుతో.