బ్రేకు తొక్కకూడని దూరం

పొగ పరీక్షలో ఆ కారు రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే మెకానిక్ షెడ్డుకు తాళం పడుతుంది. కొత్త సెన్సారు వేశాడు గానీ, అది పనిచేస్తోందని కారులోని కంప్యూటర్ ఒప్పుకోవాలి. అందుకు కారును కాసేపు ఒకే వేగంతో నడిపి, ఆ తర్వాత బ్రేకు ముట్టకుండా వేగాన్ని దానంతటదే తగ్గనివ్వాలి. ఖాళీ రోడ్డు కోసం రాత్రి దాకా ఆగారు. పక్క సీట్లో బావమరిది, కారు కంప్యూటర్ ఏం చెబుతోందో చూపే స్కానర్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"మీ అక్కకే భయపడవు, ఈ చీకటికి నోరు పడిపోయిందేంట్రా?" అన్నాడు మెకానిక్.

"రోడ్డు చూడు బావా. ఇప్పుడు కాలు తియ్యి. బ్రేకు తొక్కావంటే మళ్లీ మొదటికొస్తాం."

యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. ఇంజను చప్పుడు సన్నగిల్లింది. రోడ్డుకు రెండు పక్కలా ఇనుప కంచె. దూరంగా రోడ్డు మధ్యలో ఒక మనిషి రెండు చేతులూ ఊపుతున్నాడు. హారన్ కొట్టినా కదల్లేదు.

"వాడే తప్పుకుంటాడులే," అన్నాడు బావమరిది.

వాడు తప్పుకోలేదు. లైట్ల వెలుగులో ముఖం కనిపించింది. అది బావమరిది ముఖమే, చొక్కా కూడా అదే. మెకానిక్ తేరుకునేలోపే కారు గుద్దింది. ఆ మనిషి తల వచ్చి ముందు అద్దాన్ని పగలగొట్టింది. "ఆపు బావా" అంటూ నోటి నిండా నెత్తురుతో కిందికి జారిపోయింది. చక్రాల కింద ఎముకలు విరిగిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

మెకానిక్ బ్రేకు మీద కాలు వేశాడు. పక్క సీట్లోంచి ఒక చెయ్యి వచ్చి అతని మోకాలిని పట్టుకుంది. చిప్ప పగిలేలా నొక్కి, కాలిని మెల్లగా పైకెత్తింది.

"ఇంకొక్క నిమిషం, బావా."